రెండు నిమిషాల పనికి మూడొందలా?

వీణ క్లాసులో చేరిన మనిషి మొదటి రోజు తీగ మీటితే చెవులు మూసుకోవాల్సినంత ఘోరంగా మోగుతుంది. ఎవరూ నవ్వరు. "మొదట్లో అంతేనమ్మా, చెయ్యి తిరగాలి" అంటారు. అదే మనిషి కొత్తగా కొన్న డ్రిల్లు మిషనుతో గోడకి కన్నం వెయ్యలేకపోయిందనుకోండి, ఇల్లంతా నవ్వుతుంది. ఆవిడా వాళ్లతోపాటు నవ్వేసి, లోపల్లోపల చితికిపోయి, మిషనుని పెట్టెలో సర్ది అటకెక్కిస్తుంది. మన అపార్ట్‌మెంట్ల అటకలు వెతికితే ఇలా ఒకే ఒక్కసారి తిరిగి విశ్రాంతి తీసుకుంటున్న మిషన్లు చాలానే దొరుకుతాయని నా గట్టి అనుమానం.

ఈ సిగ్గు ఎక్కణ్ణుంచి వస్తోందన్నదే నా గొడవ. చేతకాకపోవడం వల్ల వచ్చేదైతే వీణ దగ్గర కూడా రావాలి. అక్కడ రాదు. గోడకి కన్నం వెయ్యడం ఎవరికైనా వచ్చే పనే అని మనం ముందే తీర్మానించేసుకున్నాం. అంత సులువైనది కూడా రాకపోయేసరికి పరువు పోయినట్టుంటుంది. ఆ పని రోజూ చేసి బతికేవాళ్ల గురించి మనం మనసులో ఏమనుకుంటున్నామో ఈ సిగ్గే బయటపెడుతుంది. నన్నడిగితే ఇందులో సిగ్గుపడాల్సింది ఆ అనుకోవడం గురించే.

నా సంగతి చెప్తాను. రక్తం కారలేదు, కరెంటు షాకు కొట్టలేదు, చెప్పుకోదగ్గ ప్రమాదమేమీ కాదు. పండగ ముందు ఆన్‌లైన్ సేల్‌లో డ్రిల్లు మిషను కొన్నాను. ఆరొందల వాట్లు, బిట్‌ని పట్టి ఉంచే పదమూడు మిల్లీమీటర్ల చక్, ప్లాస్టిక్ పెట్టెలో వరసగా కన్నం తొలిచే బిట్లు, కన్నంలో దూర్చే ప్లాస్టిక్ గిట్టీలు, స్క్రూలు, ఎందుకిచ్చారో ఇప్పటికీ అర్థంకాని ఓ రెంచి. హాల్లో కిటికీ మీద కర్టెన్ రాడ్డు బిగించాలి. కర్టెన్ రాడ్డు కోసం ఎలక్ట్రీషియన్ని పిలవడమేంటి, మనింట్లో మనం బిగించుకోలేమా అన్నది నేనే. మా అత్తయ్య దివాన్ మీద, మా వదిన కాఫీ గ్లాసుతో కుర్చీలో, మా ఆయన నా స్టూలు పట్టుకుని. సభ నిండుగా ఉంది.

పెన్సిలు గుర్తు మీద బిట్ ఆనించి ట్రిగ్గర్ నొక్కాను. మోత అదిరిపోయింది. అంత మోత వస్తోంది కాబట్టి పని జరుగుతోందనే అనుకున్నాం అందరం. తీసి చూస్తే రంగు లేచిపోయి, లప్పం రాలి, శనగగింజంత గుంట. దాని అడుగు అద్దంలా నునుపు. ఈసారి ఒళ్లు బరువంతా వేసి నొక్కాను. కాలిన వాసన వచ్చింది. బిట్ మొన ముందు నీలంగా మారి, తర్వాత నల్లబడింది.

"గోడ గట్టిదే" అన్నారు మా ఆయన, స్టూలు వదలకుండా.

"మిషనే నాసిరకం" అన్నాను నేను.

"ఆడలేక మద్దెల ఓడు" అంది వదిన.

అత్తయ్య మాత్రం శాంతంగా, "అదేం పనమ్మా, ఆ కరెంటు అబ్బాయిని పిలిస్తే రెండు నిమిషాల్లో కొట్టేసి పోతాడు కదా" అంది. నాకు నిజంగా తగిలింది ఆ మాటే.

సాయంత్రం ఆ అబ్బాయి గీజరు చూడడానికి వచ్చాడు. పాతికేళ్లుంటాయేమో. నా మిషను చేతిలోకి తీసుకుని, ట్రిగ్గర్ ఒక్కసారి తడిమినట్టు నొక్కి, తిరుగుతున్న బిట్ వంక చూశాడు. "ఉల్టా తిరుగుతుంది మేడమ్" అని, ట్రిగ్గర్ మీదున్న చిన్న మీటని బొటనవేలితో అవతలికి నెట్టాడు. మిషను నెత్తిన ఇంకో మీట ఉంది. అది మామూలు డ్రిల్లు బొమ్మ దగ్గరుంటే సుత్తి బొమ్మ దగ్గరికి జరిపాడు. ఇల్లు గొల్లుమంది. ఆ తర్వాత జరిగిన ప్రతి పెళ్లిలోనూ, ప్రతి బారసాలలోనూ మా ఆయన ఈ కథ చెప్పారు. కథ బాగుంటుంది, నేనూ కాదనను. ఆయన చెప్పేటప్పుడు ఆ "ఉల్టా" దగ్గర ఆగే తీరుకి నాకూ నవ్వొస్తుంది.

కానీ ఆ సాయంత్రం నవ్వులయ్యాక ఆ అబ్బాయి చేసింది ఎవరూ కథగా చెప్పరు. నేను దగ్గరుండి చూశాను కాబట్టి చెప్తాను.

ముందు గోడని వేలి కణుపుతో కొట్టి చూశాడు. కిటికీ పక్కన ఒకలా, కిటికీ మీద ఇంకోలా పలికింది. స్విచ్‌బోర్డు ఎక్కడుందో చూసి, దాని నుంచి వైర్లు ఎటు ఎక్కుంటాయో కళ్లతోనే ఒక గీత గీసుకున్నాడు. నేను చేసిన గుంటలోంచి కాస్త పొడి వేలితో రాసి చూశాడు. ఎర్రగా లేదు, బూడిద రంగు. "ఇటుక కాదు మేడమ్, లింటలు" అన్నాడు. మా అపార్ట్‌మెంటు పాతది, గోడలు ఎర్ర ఇటుకవి. కానీ కిటికీ మీద బరువు మోయడానికి కాంక్రీటు దూలం వేస్తారు కదా, అది లింటలు. కర్టెన్ రాడ్డు ఎక్కడ బిగించాలి? సరిగ్గా దాని మీదే. కొత్తగా మిషను కొన్న ప్రతివాళ్లూ కర్టెన్ రాడ్డుతోనే మొదలుపెడతారు. మొత్తం గోడలో అన్నిటికన్నా గట్టి చోటు అదేనని వాళ్లకి ఎవరు చెప్పారు గనక?

"మీ మిషన్ ఇటుకలకైతే మస్తు పనిచేస్తది, దీనికి హామర్ కావాలె" అని కిందకెళ్లి తన హామర్ మిషను తెచ్చుకున్నాడు. రెండూ కంటికి ఒకలాగే ఉంటాయి, లోపల కథ వేరు. నా మిషనులో సుత్తి బొమ్మ పెట్టినప్పుడు పళ్లున్న రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ గడగడలాడతాయి. దెబ్బలు లెక్కలేనన్ని, ఒక్కొక్క దెబ్బలో బలం మాత్రం తక్కువ. అతని దాంట్లో ఒక పిస్టన్ గాలిని నొక్కి, ఆ గాలితో సుత్తిలాంటి దిమ్మని బిట్ వెనక కొస మీద కొడుతుంది. దెబ్బలు తక్కువ, ప్రతి దెబ్బా కాంక్రీటుని పగలగొట్టేదే. బిట్ మీద ఎంత లోతుకి ఆగాలో తెలియడానికి ఇన్సులేషన్ టేపు చుట్టాడు. నెమ్మదిగా మొదలుపెట్టి, మొన కుదురుకున్నాక వేగం పెంచాడు. మధ్యలో తిప్పుతూనే బిట్‌ని బయటికి లాగి పొడి రాల్చి, మళ్లీ లోపలికి పోనిచ్చాడు. కింద మా వదిన చేత పాత పేపరు మడిచి పట్టించాడు, సోఫా మీద పొడి పడకుండా. వదిన కాఫీ గ్లాసు పక్కన పెట్టి మరీ పట్టింది.

అతను వెళ్లబోతూ మూడొందలన్నాడు. రెండు బ్రాకెట్లకి నాలుగు కన్నాలు. మా ఆయన అలవాటు కొద్దీ, "రెండు నిమిషాల పనికి మూడొందలా?" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, లోభి అంతకన్నా కాదు. ఏసీ హోటల్లో దోశకి రెండొందల ఎనభై ఇచ్చి, మళ్లీ టిప్పు పెట్టే మనిషి. పొద్దున స్టూలు పట్టుకుని గంటసేపు ఆ గోడ మొండితనమంతా చూసిన మనిషి కూడా. అయినా ఆ ప్రశ్న నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. పని రెండు నిమిషాల్లో అయిందంటే అది అతని నైపుణ్యానికి గుర్తుగా ఎవరికీ తట్టలేదు. పని చిన్నది కాబట్టి తొందరగా అయిందనే అనుకున్నాం. గుండె డాక్టరు స్టెతస్కోపు పెట్టి రెండు నిమిషాల్లో తేల్చేస్తే, ఎంత గొప్ప డాక్టరో చూడు, చెయ్యి పెట్టగానే చెప్పేశాడు అని ఊరంతా చెప్పుకునేది కూడా మనమే.

మిషను ఆకారం కూడా ఈ భ్రమకి కొంత కారణం. 1895లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఫైన్ సంస్థ తయారుచేసిన తొలి చేతి ఎలక్ట్రిక్ డ్రిల్లు ఏడు కిలోల పైచిలుకు బరువుండేది. దాన్ని చూసి ఎవరూ ఇది నాకొచ్చు అనుకుని ఉండరు. 1917లో అమెరికాలో బ్లాక్ అండ్ డెకర్ వాళ్లు పిస్తోలు పిడి, వేలితో నొక్కే ట్రిగ్గర్ ఉన్న డ్రిల్లుకి పేటెంటు పొందారు. అప్పటి నుంచి ఆ వస్తువు చేతిలోకి రాగానే వేలు తనంతట తనే సరైన చోటికి పోతుంది. పట్టుకోవడం వచ్చేసరికి పనీ వచ్చేసిందనుకుంటాం. కానీ ఆ పిడి ఎక్కడ నొక్కాలో మాత్రమే చెబుతుంది. బిట్ ఎటు తిరగాలో, గోడ ఇటుకో కాంక్రీటో చెప్పదు. పైగా ఆ ఉల్టా మీట ట్రిగ్గర్‌కి ఆనుకునే ఉంటుంది. పెట్టెలోంచి తీసేటప్పుడు బొటనవేలు తగిలినా జరిగిపోతుంది.

ఉల్టా తిరిగితే ఏమవుతుందో కూడా చెప్పాలి. బిట్ ఒంటి మీద మెలికలు తిరిగిన కాలవలు అలంకారానికి కాదు. సవ్యంగా తిరిగినప్పుడు లోపల రాలిన పొడిని అవి పైకి తోడిపోస్తాయి. అపసవ్యంగా తిరిగితే అదే పొడిని కన్నంలోకి తోసి కూరుతాయి. పొడి మీద పొడి రాసుకుని వేడెక్కుతుంది, మొనకి అతికించిన కార్బైడ్ అనే గట్టి పదార్థపు పలుకు ఆ వేడికి వదులవుతుంది. సుత్తి దెబ్బ కూడా లేకపోతే ఇక అది తొలచడం కాదు, గోడకి పాలిష్ పెట్టడం. నా గుంట అడుగు నునుపుగా ఉండడానికి ఇదే కారణం.

పొడి పైకి రాక డ్రిల్లు మొరాయించడం మా హాల్లోనే కాదు, చంద్రుడి మీద కూడా జరిగింది. 1971లో అపోలో 15లో వెళ్లిన డేవిడ్ స్కాట్, నేల లోపలి వేడి కొలిచే పరికరాల కోసం బ్యాటరీ డ్రిల్లుతో కన్నాలు వెయ్యాలి. మూడు మీటర్ల లోతు అనుకున్నారు, అందులో సగం దగ్గరే కడ్డీ మొరాయించింది. కడ్డీ ముక్కల అతుకుల దగ్గర ఆ మెలికల కాలవలు సరిగ్గా కలవక, పొడి పైకి రాక బిగుసుకుపోయింది. మట్టి నమూనా కోసం దించిన ఇంకో గొట్టాన్ని స్కాట్, జేమ్స్ ఇర్విన్ ఇద్దరూ భుజాలు ఆనించి పెకలిస్తే గానీ బయటికి రాలేదు. దీని మీద ఎవరైనా ఆడలేక మద్దెల ఓడన్నారా? కడ్డీ అతుకులు మార్చి అపోలో 16కి కొత్తవి పంపారు. అక్కడ పని కష్టమైనదని అందరూ ఒప్పుకున్నారు కాబట్టి, తప్పు ఎక్కడుందో వెతికారు. మా హాల్లో పని సులువైనదని ముందే తేల్చేశాం కాబట్టి నవ్వుకున్నాం, వెతకలేదు.

అంతదూరం ఎందుకు, వంటింట్లోకే రండి. నా డ్రిల్లు ఆరొందల వాట్లు, మా మిక్సీ ఏడొందల యాభై. రెండింట్లోనూ ఉండేది ఒకే జాతి మోటారు, మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు కూడా ఒకే రకం. ఆ లెక్కన మా అత్తయ్య ఏళ్ల తరబడి నా మిషనుకన్నా బలమైనదాన్ని రోజూ నడుపుతోంది. ఎండుమిర్చి పొడి ఒకేసారి తిప్పకూడదు, ఆపి ఆపి తిప్పాలి. మూత మీద చెయ్యి ఉండాలి. వేడి పప్పు పొయ్యకూడదు, ఆవిరికి మూత ఎగిరిపోతుంది. ఆగిపోతే కంగారు పడకుండా అడుగున ఎర్ర మీట నొక్కాలి. ఇవన్నీ ఆవిడ నాకు చెప్పిందే. మిక్సీ కాగితంలో చదివి నేర్చుకున్నవాళ్లెవరూ నాకు తెలియదు. బొంబాయిలో ఎస్.పి. మాథుర్ అనే ఇంజనీరు ఇంట్లో జర్మన్ మిక్సర్ మన రుబ్బుడికి ఆగలేక మోటారు కాలిపోతే, ఆయన మన వంటకి తట్టుకునే మోటారు తయారుచేశాడు. అదే సుమీత్ మిక్సీ అయింది. కాలింది మోటారు, మార్చింది కూడా మోటారునే. అయినా మిక్సీ నడపడం ఒక విద్య అని ఎవరైనా ఒప్పుకుంటారా? కొత్త కోడలు మూత వదిలేసి పచ్చడి సీలింగుకి కొట్టిస్తే నవ్వడానికి మాత్రం అందరూ సిద్ధం.

డ్రిల్లుకి అలా చెప్పే అత్తయ్య లేదు. ఉన్నదల్లా ఓ మడతల కాగితం. అందులో మొదటి పేజీలన్నీ హెచ్చరికలే, కంపెనీ ఏదైనా దాదాపు ఒకే మాటలు, ఎందుకంటే అవి అంతర్జాతీయ ప్రమాణంలోంచి తెచ్చిపెట్టినవి. తెలుగులో లేవు. ఒక హెచ్చరిక మాత్రం నాకు బాగా నచ్చింది: మిషను నడిపేటప్పుడు పిల్లల్నీ, చుట్టూ చేరినవాళ్లనీ దూరంగా ఉంచండి, ధ్యాస మళ్లితే అదుపు తప్పుతుంది. మా ఇంటి సభని చూసినట్టే రాశారు. ఉల్టా మీట సంగతి ఎక్కడో లోపల, బొమ్మ పక్కన రెండు బాణాలతో ముగించారు.

బడి నేర్పలేదా అంటారా? నేర్పాలని అనుకున్నారు పాపం. 1937లో వార్ధా సదస్సులో గాంధీగారు చేతిపని చుట్టూనే చదువు తిరగాలన్నారు, జాకిర్ హుస్సేన్ కమిటీ దానికి ప్రణాళిక రాసింది. నలభై ఏళ్ల తర్వాత 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ అదే కోరికకి ఎస్.యు.పి.డబ్ల్యు. అని, అంటే సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని అని, పేరుపెట్టింది. మా హైస్కూలు టైంటేబుల్లో ఆ నాలుగక్షరాలూ శుక్రవారం చివరి పీరియడుకి ఎదురుగా ఉండేవి. ఆడపిల్లలం రుమాళ్ల అంచులు కుట్టేవాళ్లం, మగపిల్లలు మైదానంలో గడ్డి పీకేవాళ్లు, పరీక్షలు దగ్గరపడితే ఆ పీరియడు లెక్కల మాస్టారిది. ఇంట్లోనేమో, "చదువుకోకపోతే సుత్తి పట్టుకుని తిరుగుతావ్" అన్న బెదిరింపు. శిక్షగా చూపించి పెంచిన పనిని పెద్దయ్యాక సరదాగా కొనుక్కుంటున్నాం. వడ్రంగి ఇంట్లో పిల్లాడికి కన్నాలు వేసే బరమా పట్టడం ఊహ తెలిసినప్పటి నుంచీ వచ్చు, మిగతా కులాల ఇళ్లల్లో అది పట్టకపోవడమే గౌరవం. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు, ఫిట్టరు రెండేళ్లు. రెండేళ్ల కోర్సు పెట్టి నేర్పే పనిని రెండు నిమిషాల పని అంటున్నామని ఎవరికీ తోచదు.

మా వదినతో ఇదంతా అంటే, "నవ్వుకున్నదానికి ఇంత పురాణమా, నీకు ఉక్రోషం" అంది. ఉక్రోషం ఉందేమో, కాదనను. కానీ నా మీద నవ్విన నవ్వుతో నాకు పేచీ లేదు. పొద్దున నవ్వు, సాయంత్రం బేరం ఒకే నమ్మకంలోంచి వచ్చాయన్నదే నా వాదన. ఇంకో మాట కూడా అంది వదిన: అలాగైతే ఎవరి పని వాళ్లే చెయ్యాలి, నువ్వెందుకు మిషను కొన్నావని. దీనికి మాత్రం నేను ఒప్పుకోను. ఇంట్లో వీణ పెట్టుకున్నవాళ్లంతా కచేరీలు చెయ్యక్కర్లేదు. నాలుగు కన్నాలు చేత్తో వేసి చూసినవాళ్లే బేరమాడకుండా డబ్బులిస్తారు. మిషను కొనండి, కానీ కర్టెన్ రాడ్డుతో మొదలుపెట్టకండి. ఎక్కడైనా ఇల్లు కడుతుంటే అడిగి రెండు ఇటుకలు తెచ్చుకుని వాటి మీద నేర్చుకోండి. మీ గోడలు కొత్తరకం తేలికపాటి ఏఏసీ బ్లాకులైతే సుత్తి బొమ్మ జోలికే పోకండి, ఎనిమిది మిల్లీమీటర్ల కన్నం కాస్తా పెద్దదై గిట్టీ వదులైపోతుంది. ఈమధ్య పెద్ద టవర్లలో అల్యూమినియం అచ్చుల్లో పోసే మివాన్ గోడలైతే మొత్తం ఇల్లే ఒక లింటలు, చిన్న మిషను డబ్బులు దాచుకోండి. చున్నీ మెళ్లో ఉంచుకోకండి. గ్లవ్స్ కూడా వద్దు, తిరిగే బిట్ బట్టని లాగితే చేతినీ లాగుతుంది.

ఈ చివరి రెండూ ఆ అబ్బాయే చెప్పాడు. మా అపార్ట్‌మెంట్‌లో యోగా క్లాసుంది, కోలాటం క్లాసుంది, ఆదివారం ఒక గంట ఇది కూడా నేర్పుతావా, ఫీజు ఇస్తామని అడిగాను. అతనికి నవ్వొచ్చింది. "దీనికి క్లాస్ ఏంది మేడమ్, చూస్తే వచ్చేస్తది" అన్నాడు.

మరి నీకెలా వచ్చిందన్నాను.

"మా మేనమామ దగ్గర. రెండేళ్లు సామాన్ల సంచి మోసిన. మిషన్ ముట్టనియ్యలే."

ఆ మాటన్నాక అతనే కాసేపు తల గోక్కున్నాడు. తలకి రెండొందలు అన్నాడు, నేను మూడొందలు చేశాను. అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడితే మొదట వచ్చిన జవాబు "ఫ్రీయేనా?" అని. తర్వాత కింది ఫ్లోరులోంచి ఇద్దరు పేర్లిచ్చారు. మా వదిన నాతో చెప్పకుండా డైరెక్టుగా ఆ అబ్బాయికే ఫోన్ చేసి తన పేరు రాయించుకుందట. చప్పుడు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా చెయ్యకూడదని సెక్రటరీగారు షరతు పెట్టారు, పదకొండింటికి ఖాయం చేశాం. ఇటుకలు ఎవరు తేవాలన్నదే ఇంకా తేలలేదు.